లేన్ చూడకుండా బాల్ కొనొద్దు: ఆయిల్ మీద అపోహలు - వాస్తవాలు

"అన్నా, పెద్ద బాలు కొన్యా. అయినా పిన్నులు పడతాలేవు."

కర్నూలు నుంచి హైదరాబాదుకు, అనంతపురం నుంచి బెంగళూరుకు శని, ఆదివారాల్లో వెళ్లి టెన్‌పిన్ బౌలింగ్ (లేన్ అనే సన్నటి దారి మీద బరువైన బాల్ దొర్లించి పది పిన్నులు పడగొట్టే ఆట) ఆడే కుర్రాళ్ల నోట తరచూ వినే మాట ఇది. 44వ నంబరు హైవే మీద 200 కిలోమీటర్లు పోయి, ఉన్న రెండు గంటలూ ఆడి, స్కోరు 120 దాటకుండా తిరిగొస్తే మనసు చివుక్కుమంటుంది. ఇక నా చేయే బాలేదు అనుకుంటారు. చాలామంది విషయంలో చేతికి ఏమీ కాలేదు. లేన్‌కు సరిపోని బాల్ పట్టుకున్నారు, అంతే.

అపోహ: ఎక్కువ హుక్ అయ్యే (పక్కకు వంగే) ఖరీదైన బాల్ ఏ లేన్ మీదైనా పనిచేస్తుంది.

అన్నిటికన్నా ఎక్కువ డబ్బు పోగొట్టేది ఈ నమ్మకమే. బాల్ వదిలే చోటి ఫౌల్ లైన్ నుంచి మొదటి పిన్ దాకా 60 అడుగులు. లేన్ మీద పోసే ఆయిల్ అంత దూరమూ ఉండదు. ప్యాటర్న్‌ను (ఆయిల్ పోసే తీరును) బట్టి 35 నుంచి 45 అడుగుల దాకా పోస్తారు, మిగతాది పొడి. బాల్ ఆయిల్ మీద జారాలి, పొడి తగలగానే తిరగాలి, పాకెట్‌లోకి (మొదటి పిన్‌కూ దాని పక్క పిన్‌కూ మధ్య సందులోకి) దొర్లుతూ వెళ్లాలి. వానకు తడిసిన రేగడి దారిలో జారిన బండి గరుకు నేల తగలగానే పట్టు దొరకబుచ్చుకున్నట్టు. ఆ పట్టు ఎక్కడ దొరుకుతుందన్నదే ఆట మొత్తం.

1000 లేదా 2000 గ్రిట్ ప్యాడ్‌తో (గరుకు కాగితం లాంటిది, అంకె పెరిగేకొద్దీ నునుపు) రుద్దిన సాలిడ్ రియాక్టివ్ (ఆయిల్ మీదా పట్టు దొరికే కవరున్న) బాల్, ఆర్‌జీ (ఎంత త్వరగా దొర్లడం మొదలవుతుందో చెప్పే అంకె) 2.48 దగ్గర, డిఫరెన్షియల్ (ఎంత వంగగలదో చెప్పే అంకె) 0.050 దాటినది, నిండుగా కొత్త ఆయిల్ పోసిన లేన్ కోసం చేసింది. మాల్‌లో పొద్దున్నుంచీ పుట్టినరోజు పార్టీలు నడిచిన లేన్ మీద సాయంత్రం దాన్ని వేస్తే 20, 25 అడుగులకే పట్టేస్తుంది. తర్వాత రెండే జరుగుతాయి. కుడిచేతి ఆటగాడైతే బాల్ మొదటి పిన్ ముక్కు మీద గుద్ది స్ప్లిట్ (దూరదూరంగా నిలిచిన పిన్నులు) మిగులుతుంది. లేదా ఎడమకు బాగా జరిగి వేస్తే దారిలోనే శక్తి అయిపోయి, పాకెట్‌కు చేరినా పిన్లు తగిలి పక్కకు తప్పుకుంటుంది. 5, 7వ పిన్నులు మిగిలే 5-7 స్ప్లిట్, నీరసంగా నిలబడిపోయే 10వ పిన్, ఈ రెంటికీ మూలం అదే. అప్పుడు హుక్ తగ్గించాలని వేగం పెంచుతారు, దాంతో ఉన్న రిలీజ్ (బాల్ చేతి నుంచి వదిలే తీరు) కూడా చెడుతుంది. "బాల్ చచ్చిపోయింది, ఇంకో బలమైనది కొను" అని వాట్సాప్ గ్రూపులో ఎవరో అంటారు. తప్పు మందునే రెట్టింపు మోతాదులో వేయమనడం అది. ఇలాంటి సలహా ఇచ్చే ముందు ఆ లేన్ ఎలా ఉందని ఒక్కరైనా అడగాలి కదా.

కొనే ముందు లేన్‌ను చదవండి, ఖర్చేమీ లేదు. అక్కడ అందరికీ ఇచ్చే హౌస్ బాల్ సాధారణంగా పాలియెస్టర్, అంటే తక్కువ వంగే రకం. మీ మామూలు రిలీజ్‌తో వేస్తే అది కూడా గట్టిగా వంగుతోందంటే లేన్ ఎండిపోయినట్టే. తర్వాత ఒకే వేగంతో 10వ బోర్డు (లేన్ పొడవునా ఉండే సన్నటి పట్టీల్లో అంచు నుంచి పదోది, రెండో బాణం గుర్తు) మీదుగా, ఆపైన 15, ఆపైన 5వ బోర్డు మీదుగా వేయండి. బయటికి వేసినవి వెనక్కి తిరిగొచ్చి, 15 మీది జారుతూ పోతే అది హౌస్ ప్యాటర్న్: మధ్యలో ఆయిల్ ఎక్కువ, అంచుల్లో తక్కువ. మూడూ దాదాపు ఒకేలా ప్రవర్తిస్తే ఆయిల్ అడ్డంగా సమానంగా ఉంది, పోటీల్లో వేసే రకం. అక్కడ గురి తప్పితే లేన్ కాపాడదు.

ప్యాటర్న్ పొడవు చెప్తే ఇంకా మేలు. ఆ అంకెలోంచి 31 తీసేయండి. బాల్ మలుపు తిరగాల్సిన బోర్డు దాదాపు తెలుస్తుంది. 36 అడుగులైతే 5వ బోర్డు, 41 అయితే 10వది, 44 అయితే 13వది. ఇది మొదలుపెట్టడానికి మాత్రమే. ఆ తర్వాత చూసి సర్దుకోవాలి.

పొడి లేన్, పొట్టి ప్యాటర్న్ అయితే పాలిష్ చేసిన పర్ల్ (ఎక్కువ జారే రియాక్టివ్ కవర్) లేదా యూరిథేన్ (నెమ్మదిగా వంగే కవర్), డిఫరెన్షియల్ 0.035 లోపు. 38 నుంచి 41 అడుగుల మామూలు ఆయిల్ అయితే 3000 గ్రిట్ దగ్గరి హైబ్రిడ్ (సాలిడ్, పర్ల్ కలిపిన కవర్). పొడవైన, బరువైన ఆయిల్ అయితేనే పైన చెప్పిన బలమైన సాలిడ్. మాల్‌లో ఆడేవాళ్లు మొదట ఈ హైబ్రిడ్ కొనండి. దానితో పాటు, స్పేర్లు (మొదటి త్రోలో మిగిలిన పిన్నులు) సూటిగా వేసి తీయడానికి ఒక పాలియెస్టర్. బలమైనది పోటీలకు వెళ్లినప్పుడు చూసుకోవచ్చు.

అపోహ: తిరగని బాల్ పాడైపోయింది, పారేయాలి.

రియాక్టివ్ కవర్‌కు సూక్ష్మ రంధ్రాలుంటాయి, ఆయిల్ పీల్చుకుంటాయి. ఆట ముగిసిన వెంటనే, బాల్ ఇంకా వెచ్చగా ఉండగానే క్లీనర్‌తో గానీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో గానీ తుడిస్తే సగం సమస్య పోతుంది. ఆట మధ్యలో మాత్రం పొడి మైక్రోఫైబర్ గుడ్డే, ప్రతి త్రోకు ముందు. పోటీల్లో ఆట సాగుతుండగా లిక్విడ్ వాడటం అమెరికా బౌలింగ్ కాంగ్రెస్ (అక్కడ ఆట నియమాలు పెట్టే సంస్థ) 2019 ఆగస్టు నుంచి నిషేధించింది. 50, 60 గేములకోసారి సర్ఫేస్ కొత్తగా చేయించండి. చాలా "చచ్చిన" బాల్‌లు దానితోనే లేస్తాయి.

అపోహ: ఎండలో పెడితే ఆయిల్ కారిపోయి బాల్ కొత్తదవుతుంది.

మన ఊళ్లలో దయచేసి ఈ పని చేయొద్దు. మేలో కర్నూలులో నీడలోనే 42, 43 డిగ్రీల దాకా పోతుంది. మిద్దె మీద నల్లటి బాల్ పైపొర దానికన్నా ఎంతో వేడెక్కుతుంది. కవర్, లోపలి కోర్ వేర్వేరు పదార్థాలు, వేడికి ఒకేలా వ్యాకోచించవు. అక్కడే పగులు మొదలవుతుంది. కారు డిక్కీలో రోజంతా వదిలి, నేరుగా ఏసీ హాల్లోకి తెచ్చి వేసినా ఇదే ముప్పు. ఇంటి నుంచి తెచ్చేటప్పుడు డిక్కీలో కాక సీటు కింద పెట్టండి, హాల్లో కాసేపు ఆగాకే ఆడండి. ఆయిల్ తీయాలంటే వేళ్ల రంధ్రాలకు టేపు వేసి, చేయి పెట్టగలిగేంత వేడి నీళ్లలో 20 నిమిషాలు ఉంచి, పైకి తేలిన ఆయిల్ తుడవండి. మరుగుతున్న నీళ్లు వద్దే వద్దు. నెయిల్ పాలిష్ రిమూవర్ కూడా వద్దు, అసిటోన్ పాలియెస్టర్ కవర్‌ను మెత్తబరుస్తుంది.

అపోహ: బరువు ఎక్కువైతే పిన్లు ఎక్కువ పడతాయి. నియమం ప్రకారం గరిష్ఠం 16 పౌండ్లు. వేగం చెడకుండా, మణికట్టు వంగకుండా చివరి ఫ్రేమ్ (వంతు) దాకా వేయగలిగే బరువే మీది. 14తో హాయిగా ఆడేవాళ్లు 16కు పోనక్కర్లేదు.

అపోహ: మొదటి గేములో దొరికిన గీత (బాల్ వేసే దారి) సాయంత్రం దాకా పనికొస్తుంది. ఆయిల్ ప్రతి త్రోకూ కొంత పోతుంది. రియాక్టివ్ బాల్‌లు పీల్చుకుపోతాయి, పాలియెస్టర్‌లు, యూరిథేన్‌లు కొంత ముందుకు మోసుకుపోతాయి. ఆయిల్ పీల్చుకుపోతే బాల్ ముందే తిరుగుతుంది: పాదాలు రెండు బోర్డులు ఎడమకు, గురి ఒక బోర్డు ఎడమకు. ఆయిల్ ముందుకు పోతే పొడి ఉండాల్సిన చోట జారి ఆలస్యంగా తిరుగుతుంది: అంతే మేర కుడికి. ఎడమచేతివాళ్లకు ఇది తిరగేసి. రెండు ఫ్రేములు వరసగా ఒకే వైపు తప్పితేనే జరగండి. ఒక్క చెడ్డ త్రోకు జరిగితే రిలీజ్ తప్పును లేన్ మీదికి నెట్టేసినట్టవుతుంది.