వెయిపా మట్టి, థాయ్నాక్విత్ మాట: థానకుపి పని వెనక ఉన్న చరిత్ర

ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెరాలోని నేషనల్ గ్యాలరీ ఆవరణలో ఓ పెద్ద అల్యూమినియం గోళం ఉంది. 2010 నాటిది. దాని ఒంటినిండా లోతుగా చెక్కిన గీతలు. చేసినావిడ పేరు థానకుపి. ఆదివాసీ సిరామిక్ కళాకారిణి, థాయ్నాక్విత్ భాషను పుట్టుకతో ధారాళంగా మాట్లాడిన చివరివాళ్ళలో ఒకరు. అంతకుముందు దశాబ్దాల పాటు మట్టితోనే పనిచేసిన మనిషి అల్యూమినియం పట్టుకోవడం చిన్న విషయం కాదు. ఆ లోహానికి మూలమైన బాక్సైట్ కోసమే ఆమె పుట్టిన నేలను తవ్వారు.

క్వీన్స్‌లాండ్ ఉత్తర కొసన కేప్ యార్క్ ద్వీపకల్పం, దాని పడమటి తీరంలో ఆమె పుట్టిన వెయిపా. 1802లో ఆ తీరం పక్కగా ఓడలో వెళ్ళిన ఇంగ్లీషు నావికుడు మాథ్యూ ఫ్లిండర్స్ ఎర్రటి కొండచరియలను చూసి రాసిపెట్టుకున్నాడు. ఆ ఎరుపు నిండా బాక్సైటేనని 1955లో హ్యారీ ఎవాన్స్ అనే భూగర్భ శాస్త్రవేత్త గుర్తించాడు. రెండేళ్ళు తిరక్కుండానే, 1957లో, రాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేక చట్టం చేసి కొమాల్కో కంపెనీకి 5 వేల చదరపు కిలోమీటర్లకు పైగా భూమిని లీజుకిచ్చింది. అది ఆదివాసీల కోసం కేటాయించిన రిజర్వు భూమి. వాళ్ళను అడిగినవాళ్ళు లేరు. వెయిపాకు ఉత్తరాన మపూన్‌లో 1963 నవంబరులో పోలీసులు రాత్రిపూట వచ్చి జనాన్ని పట్టుకుపోయారు, ఆ తర్వాత ఇళ్ళు తగలబెట్టారు. విశాఖ మన్యంలో బాక్సైట్ గొడవ తెలిసిన తెలుగువాళ్ళకు ఈ వరస కొత్తగా అనిపించదు.

భాషకు దెబ్బ మాత్రం గనుల కంటే ముందే తగిలింది. 1897 చట్టంతో క్వీన్స్‌లాండ్ ఆదివాసీల బతుకు మొత్తం ప్రభుత్వం గుప్పిట్లోకి వెళ్ళింది. మరుసటి ఏడు వెయిపాలో క్రైస్తవ మిషన్ వెలిసింది. పిల్లలను అమ్మానాన్నల దగ్గర్నుంచి తీసి హాస్టళ్ళలో పెట్టారు. అమ్మమ్మ దగ్గర పడుకుని కథ వినాల్సిన వయసు అలా గడిచిపోతే భాష ఎలా నిలుస్తుంది? పైగా వేరువేరు భాషల జనాన్ని ఒకేచోట చేర్చడంతో చిన్న భాషలు ఇంకా చిక్కిపోయాయి. తెల్లవాళ్ళు వచ్చి స్థిరపడడం మొదలైన 1788లో ఆ ఖండంలో 250కి పైగా భాషలు ఉండేవి. 2020లో వచ్చిన జాతీయ నివేదిక ప్రకారం పిల్లల నోట కూడా గట్టిగా వినిపిస్తున్న సంప్రదాయ భాషలు దాదాపు 12.

థానకుపి 1937లో పుట్టారు. గ్లోరియా ఫ్లెచర్ అనేది మిషన్ కాలపు పేరు. మొదట చిన్నపిల్లలకు చదువు చెప్పారు. ముప్పై దాటాక సిడ్నీ వెళ్ళి ఈస్ట్ సిడ్నీ టెక్నికల్ కాలేజీలో కుండల పని నేర్చుకున్నారు. వాళ్ళవైపు మట్టి అంటే తంతుల్లో ఒంటికి పూసుకునే రంగు. పిల్లలు ఆడుకునే వస్తువు కాదది. అందుకే కాలేజీలో చేతులారా మట్టి పిసకడం ఆవిడకు మొదట్లో తేలిగ్గా మింగుడుపడలేదు. ఆస్ట్రేలియా ఆదివాసీలకు కుండల పనే లేదని అప్పట్లో అందరూ అనుకునేవారు. అయితే అదే కేప్ యార్క్ తూర్పు తీరానికి ఆవల లిజర్డ్ ద్వీపంలో 2 వేల నుంచి 3 వేల ఏళ్ళనాటి కుండ పెంకులు దొరికాయని 2024లో బయటపడింది.

ఆవిడ కుండల్ని దగ్గర్నుంచి చూడాలి. చాలావరకు గుండ్రంగానో గుడ్డు ఆకారంలోనో ఉంటాయి, మూతి చిన్నది. పచ్చిగా ఉన్నప్పుడే మనుషులను, పక్షులను, చేపలను గీతల్లో చెక్కి, తర్వాత బాగా వేడి మీద కాల్చేవారు. కాలాక మట్టి గోధుమ రంగులో ఉంటే గీతలు నల్లగా తేలతాయి. గీత కుండ చుట్టూ తిరుగుతుంది కాబట్టి కథ ఎక్కడ మొదలైందో పట్టుకోలేం, చేత్తో తిప్పుకుంటూ చదవాల్సిందే. వీటిని అందమైన డిజైన్లుగా మాత్రమే చూసి వదిలేస్తే సగం పోయినట్టే. ఆ కథల్లో ఫలానా ఏరు, ఫలానా ఇసుకతిన్నె ఎలా పుట్టాయో ఉంటుంది. అంటే అవి ఊరి దస్తావేజులు కూడా. ఏరును తవ్వేస్తే కథకు చోటుండదు, భాష పోతే దాన్ని చెప్పడానికి పేర్లుండవు.

ఈ సంగతి ఆవిడకు బాగా తెలుసు. అందుకే పేరొచ్చాక కూడా గ్యాలరీల దగ్గర ఆగిపోకుండా వెయిపాకు తిరిగొచ్చి, అక్కడి పిల్లలకు శిబిరాలు పెట్టి కళతో పాటు చెట్టూ చేమా పేర్లు నేర్పారు. 2003లో ఆర్డర్ ఆఫ్ ఆస్ట్రేలియా పురస్కారం వచ్చింది. నాకు మాత్రం అన్నిటికంటే పెద్ద పని 2007లో వచ్చిన థాయ్నాక్విత్ నిఘంటువే అనిపిస్తుంది. మాటలతో పాటు మొక్కలు, జంతువులు, కథలు అందులో ఉన్నాయి.

2011లో ఆవిడ కన్నుమూశారు. వెయిపా ప్రాంతంలో తవ్వకం మాత్రం ఆగలేదు. కంపెనీలకూ భూమి హక్కుదారులకూ మధ్య 2001లో ఒప్పందం కుదిరింది, 2018లో ఏంబ్లీ నదికి దక్షిణాన మరో పెద్ద గని మొదలైంది. థాయ్నాక్విత్ నేర్చుకోవాలనుకునే అక్కడి పిల్లలకు ఇప్పుడు దిక్కు ఆ నిఘంటువు, ఆ కుండలు, ఆ శిబిరాల్లో పెరిగి పెద్దయిన మనుషులు.