విశ్వాసం చల్లారడం: అపోహలు - వాస్తవాలు

సంఘ కాపరిగా నా దగ్గరికి వచ్చినవాళ్లలో "అయ్యగారూ, ఫలానా రోజున దేవుణ్ణి వదిలేశాను" అన్నవాళ్లు లేరు. "ఎప్పుడు మొదలైందో తెలియడం లేదు" అనేవాళ్లే అందరూ. విశ్వాసికి దొరికిన రక్షణ పోతుందా, పోదా అన్న వాదం ఇక్కడ ఎత్తను. ఏ పక్షం వారికైనా బైబిల్లోని హెబ్రీ 2:1 హెచ్చరిక ఒకటే: విన్న సంగతులను విడిచిపెట్టి కొట్టుకుపోకండి.

అపోహ: పెద్ద పాపంలో పడితేనే చల్లారినట్టు.

వాస్తవం: అబ్రాహాము సోదరుడి కొడుకు లోతును చూడండి. ఆదికాండం 13లో నీళ్లు పారే మైదానం చూసి పాపానికి పేరుపడ్డ సొదొమ పట్టణం దగ్గర గుడారం వేశాడు. పశువులున్నవాడు పచ్చిక చూసుకోవడం తప్పెలా అవుతుంది? 14వ అధ్యాయానికి ఊళ్లోనే కాపురం. 19కి వచ్చేసరికి ఊరి గవిని దగ్గర కూర్చునే మనిషి. ఊరు నాశనమవుతుంది, బయటికి రమ్మని దూతలు తొందరపెట్టినా తడవు చేశాడు. అయినా పేతురు అతణ్ణి నీతిమంతుడనే అన్నాడు, అక్కడి పనులు చూసి మనసు నొచ్చుకునేవాడని రాశాడు. నొచ్చుకుంటూనే అక్కడే ఉండిపోవచ్చన్నమాట. మన ఇళ్లలోనూ అంతే: నైట్ షిఫ్ట్ వల్ల కుటుంబ ప్రార్థన ఆగుతుంది. షిఫ్ట్ మారాక కూడా మళ్లీ మొదలవదు. దీన్ని పాపమని ఎవరూ నిలదీయరు.

అపోహ: పరిచర్యలో, అంటే సంఘ సేవలో ఉన్నవాళ్లకు ఆ భయం లేదు.

వాస్తవం: నేను చూసినంతలో ఎక్కువ ప్రమాదం వాళ్లకే. ఎఫెసు సంఘానికి పౌలు మూడేళ్లు రాత్రింబగళ్లు కన్నీళ్లతో బుద్ధి చెప్పాడు. ప్రకటన 2లో ప్రభువు ఆ సంఘం కష్టాన్నీ, సహనాన్నీ, అబద్ధ అపొస్తలులను పరీక్షించి పట్టుకున్న తీరునూ మెచ్చుకున్నాడు. ఆ వెంటనే, మొదటి ప్రేమను వదిలేశావన్నాడు. పని ఆగలేదు, బోధ చెడలేదు, ప్రేమ మాత్రం లేదు. దేమా సంగతీ అంతే. ఫిలేమోను పత్రికలో లూకాతో పాటు పౌలుకు జతపనివాడు. 2 తిమోతి 4 నాటికి ఇహలోకాన్ని స్నేహించి థెస్సలొనీకకు వెళ్లిపోయాడు. మధ్యలో ఏం జరిగిందో బైబిలు చెప్పదు. చెప్పుకోదగ్గ పతనమేదో ఉండాలని మనం వెతుకుతాం గానీ, ఉండకపోవచ్చు.

కీబోర్డు వాయించే తమ్ముడికి శ్రుతి, మైకు చూసుకోవడంతోనే ఆరాధన అయిపోతుంది. సండే స్కూల్ టీచర్ పాఠం కోసం, పాస్టర్ ప్రసంగం కోసం బైబిలు తెరుస్తారు. ఎదుటివాళ్లకు ఏం చెప్పాలా అని మాత్రమే చదివితే, ఆ వాక్యం మనతో మాట్లాడటం ఎప్పుడు మానేసిందో తెలియదు. అందుకే పాటల బృందంలో ఒక్కొక్కరినీ నెలకొక ఆదివారం ఊరికే జనంలో కూర్చోమంటాను. కొందరు అలుగుతారు కూడా.

అపోహ: ప్రార్థనలో కన్నీళ్లు రావడం లేదంటే దేవునికి దూరమైనట్టే.

వాస్తవం: కాదు. బదరీవృక్షం కింద చావు కోరుకున్న ఏలీయా ప్రవక్తకు దేవుడు ముందు నిద్ర, రొట్టె, నీళ్లు ఇచ్చాడు, మందలింపు కాదు. 88వ కీర్తన చీకట్లోనే ముగుస్తుంది, అయినా అది దేవునితో మాట్లాడుతున్న ప్రార్థనే. ఎండిపోయానని బాధపడేవాడు ఇంకా దేవుణ్ణి వెతుకుతున్నాడు. ఆ లోటే తెలియనివాడి గురించి నాకు దిగులు. వారాల తరబడి నిద్ర, ఆకలి లేకపోతే మాత్రం డాక్టర్ దగ్గరికి వెళ్లండి. దానికి అవిశ్వాసమని పేరు పెట్టకండి.

అపోహ: ఏటా ఉజ్జీవ కూటాలకు వెళ్తే, డిసెంబర్ 31 రాత్రి తీర్మానం చేసుకుంటే చాలు.

వాస్తవం: హెబ్రీ 3:13 "ప్రతిదినము" బుద్ధి చెప్పుకోమంటోంది. కొత్త ఏడాదికి వాక్యం రాసి ఇచ్చే వాగ్దానం కార్డు ఫ్రిజ్ మీద అంటించుకోవడం మంచిదే, ఫిబ్రవరిలో కూడా చదవండి.

అపోహ: నా ఆత్మీయ స్థితి నాకు తెలుసు, అది నాకూ దేవునికీ మధ్య విషయం.

వాస్తవం: యెహోవా తనను ఎడబాశాడని, అంటే విడిచిపోయాడని, మహా బలశాలి సమ్సోనుకే తెలియలేదు. ఆ హెబ్రీ 3:13లోనే "ఒకనికొకడు" అని కూడా ఉంది. నిజం చెప్పుకోగల ఒక్కరిని ఎంచుకోండి: అన్నయ్యలకు అన్నయ్య, అక్కలకు అక్క. పాస్టరే కానక్కర్లేదు. "ఈ వారం ఎవరూ చూడనప్పుడు ప్రార్థించావా? ఎవరి మీదైనా కోపం దాచుకున్నావా?" అని అడిగే హక్కు వాళ్లకివ్వండి. మంచానపడ్డవాళ్లకు యూట్యూబ్ ఆరాధన గొప్ప మేలే. కాళ్లు బాగున్నవాడు అదే పట్టుకుంటే, నువ్వెందుకు రాలేదని అడిగేవాళ్లు ఉండరు.

అపోహ: తిరిగి రావాలంటే నలభై రోజుల ఉపవాసమో, సంఘం ముందు పెద్ద సాక్ష్యమో కావాలి.

వాస్తవం: ఎఫెసుకు ప్రభువు చెప్పింది: జ్ఞాపకం చేసుకో, మారుమనస్సు పొందు, మొదటి పనులు చేయి. నా దగ్గరికి వచ్చినవాళ్లకు మార్కు సువార్త ఇస్తాను. 16 అధ్యాయాలు, రోజుకొకటి. నోట్స్ రాయొద్దు, స్టేటస్ పెట్టొద్దు. ఒక రోజు తప్పితే మర్నాడు రెండు చదవక్కర్లేదు, ఆగిన చోటి నుంచే చదవండి.