తోడు వేసిన పాలు

చిరంజీవి బుజ్జమ్మకు, తమ్ముడికి తాత ఆశీస్సులు.

నిన్న రాత్రి ఫోన్లో నువ్వు అడిగిన మాట నిద్రపట్టేదాకా నా చెవిలోనే ఉంది. "తాతా, ఫిబ్రవరి 28న స్కూల్లో సైన్స్ ఫెయిర్. ఎవ్వరూ చెయ్యని ప్రాజెక్ట్ ఒకటి చెప్పు" అన్నావు. గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది. వంటసోడా అగ్నిపర్వతం ముగ్గురు చేస్తున్నారనీ, సిరంజిల జేసీబీ ఇద్దరు చేస్తున్నారనీ, చీకటి పడితే వెలిగే వీధి దీపాన్ని ఒకబ్బాయి తయారుగా ఉన్నదే కొనేశాడనీ చెప్పావు. ఫోన్లో తేలే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నాను.

ప్రాజెక్ట్ పేరు మాత్రం నేను చెప్పను తల్లీ. నేను చెబితే అది నాదవుతుంది.

మీ అవ్వ పెరుగు తోడు వెయ్యడం చూశావు కదా. పాలు ఊళ్ళో అందరి ఇళ్ళల్లోనూ ఉంటాయి. ఎండ, వాన, చీమలు, కుండలు, తుప్పు పట్టిన గేటు, మన చుట్టూ ఉన్నవన్నీ ఆ పాలే అనుకో. ఎవరూ చూడని పాలు ఎక్కడా దొరకవు. వాటిని పెరుగు చేసేది చెంచాడు తోడు. ఆ తోడే నీ ప్రశ్న. చెంచాడు చాలు, గరిటెడు వేస్తే పులుస్తుంది. 'కాలుష్యం', 'సౌరశక్తి' అని పెద్ద పేరు పెట్టుకున్న ప్రాజెక్టులు పులిసేది అందుకే. పక్కింటి నుంచి తోడు తెచ్చుకుంటే తప్పులేదు, మీ అవ్వ ఎన్నిసార్లు తెచ్చుకోలేదు! ఇంకొకరు అడిగిన ప్రశ్న నువ్వూ అడగొచ్చు, పాలు మాత్రం మన గిన్నెలోవి కావాలి. మరిగే పాలలో వేస్తే తోడుకోదు. రేపు ఫెయిర్ అనగా ఈరోజు మొదలుపెట్టేవాళ్ళ పని అంతే. మరీ చల్లటి పాలలో వేసినా తోడుకోదు. మనసు లేని విషయం ఎత్తుకుంటే అలాగే ఉంటుంది. వేశాక గిన్నె కదపకూడదు, రోజుకో టాపిక్ మార్చకూడదు. ఇప్పుడు చలికాలం, ఆలస్యమవుతుంది. గిన్నెకి గుడ్డ చుట్టి ఊరుకోవాలి.

మీ ఫెయిర్ ఆ రోజే ఎందుకో తెలుసు కదా. సి.వి. రామన్ గారి చిన్నతనం విశాఖపట్నంలో గడిచింది, వాళ్ళ నాన్నగారు అక్కడ కాలేజీలో పాఠాలు చెప్పేవారు. 1921లో ఇంగ్లండ్ వెళ్ళి ఓడలో తిరిగొస్తున్నప్పుడు ఆయన మనసంతా సముద్రపు నీలం మీదే. ఆకాశం రంగే నీళ్ళలో కనిపిస్తోందని అప్పటి పెద్దలు చెప్పిన మాట. ఆయన దగ్గర నికోల్ పట్టకం అనే చిన్న స్ఫటికపు సాధనం ఉంది. నీళ్ళ పైన మెరిసే ఆకాశపు వెలుగును దాంతో ఆపి చూశారు. నీలం పోలేదు, ఇంకా చిక్కగా కనిపించింది! నీళ్ళే వెలుగును చెదరగొడుతున్నాయన్నమాట. అక్కడ పట్టుకున్న దారి 1928 ఫిబ్రవరి 28న రామన్ ఎఫెక్ట్ కనుక్కునేదాకా, 1930లో నోబెల్ దాకా వెళ్ళింది. అందుకే ఆ రోజు జాతీయ సైన్స్ దినోత్సవం. ఆ సముద్రాన్ని అంతకుముందు ఎన్ని లక్షల మంది చూసి ఉంటారు!

నా సంగతి ఒకటి చెబుతాను. మాది కర్నూలు వైపు పల్లె. ఉగాది దాటిందంటే ఎండ మండిపోయేది, కుండలో నీళ్ళు మాత్రం తెల్లవారుజామున పళ్ళు జివ్వుమనేవి. ఎంత చల్లనో కొలుద్దామంటే ఇంట్లో థర్మామీటర్ లేదు. కొబ్బరినూనె ఉంది. అది దాదాపు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. ఆ అంకె అప్పుడు నాకు తెలియదు గానీ, చలికి గడ్డకడుతుందని తెలుసు. చిన్న సీసాలో కాస్త నూనె పోసి, మూత బిగించి, దారం కట్టి రాత్రి కుండలో వేలాడదీశాను. పొద్దున చూస్తే గూట్లో ఉన్న నూనె నూనెలాగే ఉంది, కుండలోది తెల్లగా పేరుకుంది. ఎంత సంబరపడ్డానో!

ఆ నెలలోనే పెళ్ళికి బందరులో మా మేనత్త ఇంటికి వెళ్ళాం. అక్కడి కుండలో మూడు రాత్రులు వేలాడదీశాను, ఒక్కసారీ పేరుకోలేదు. బందరు కుమ్మరికి కుండ చెయ్యడం రాదని తేల్చేసి, తిరిగొచ్చి మా మాస్టారికి అదే చెప్పాను. ఆయన "ఊరు మారింది, కుండా మారింది. తప్పు ఏ ఒక్కదానిదో ఎట్లా తెలిసింది నీకు?" అన్నారు. మరుసటేడు అదే రోజుల్లో మా కుండను ఒళ్ళో పెట్టుకుని, బెజవాడలో బండి మారి, బందరు తీసుకెళ్ళాను. మా కుండలోనూ నూనె పేరుకోలేదు.

కుమ్మరి తప్పేమీ లేదు. కుండకు పట్టిన చెమ్మ గాలిలోకి ఆవిరైపోతూ వేడిని వెంట తీసుకుపోతుంది. సముద్రం పక్కన గాలిలో ముందే తేమ నిండి ఉంటుంది, చెమ్మ త్వరగా ఆరదు. ఇది పుస్తకంలో అందరికీ ఉన్న పాఠమే. అయినా ఆ కుండను ఒళ్ళో మోసుకెళ్ళింది నేను కాబట్టి ఇప్పటికీ నాది అనిపిస్తుంది. ఒకసారికి ఒక్కటే మార్చాలన్న మాట కూడా అప్పుడే నాకు అంటుకుంది. మూడుసార్లైనా చేసి చూడు. కుదరని రోజు కూడా తేదీ వేసి నోట్సులో రాయి. మార్కులు వేసేవాళ్ళు అడిగినప్పుడు ఆ పేజీలే నీ తరఫున మాట్లాడతాయి.

మీ టీచర్ నీ ఆలోచనను ఇన్‌స్పైర్ మానక్‌కి, అంటే బడిపిల్లల కొత్త ఆలోచనల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన పథకానికి కూడా పంపుతానన్నారట. ఎంపికైతే నమూనా చేసుకోవడానికి 10,000 రూపాయలు ఇస్తారు, మంచిదే. కానీ డబ్బు గురించి ఇప్పుడే ఆలోచించకు.

ఇంకో సంగతి. సంక్రాంతికి వచ్చినప్పుడు అవ్వ బియ్యప్పిండితో వేసిన ముగ్గు దగ్గర చీమలు బారులు కట్టాయి, గుర్తుందా? "మా అపార్ట్‌మెంట్‌లో ముగ్గుకి ఒక్క చీమా రాదు, ఎందుకు తాతా?" అన్నావు. నేను నోరు తెరిచేలోపు గాలిపటం వెంట పరుగెత్తావు. అమ్మ కొనే ముగ్గు రాతిపొడి కాబట్టి అని నువ్వే అనుకుని ఊరుకోవచ్చు. అప్పుడు నేను బందరు కుమ్మరిని తప్పుపట్టినట్టే అవుతుంది. ఊరు వేరు, నేల వేరు, పిండి వేరు. అసలు మీ నాలుగో అంతస్తులో చీమలు ఉన్నాయో లేదో!

రేపు పొద్దున బడికి వెళ్ళేముందు గడప బయట రెండు చోట్ల, జానెడు దూరంలో, ఒకచోట చిటికెడు బియ్యప్పిండి, ఇంకోచోట చిటికెడు ముగ్గుపిండి వెయ్యి. తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకో, వాడి కళ్ళు చురుకు. మొదటి చీమ ఎన్ని గంటలకు వచ్చిందో, ఏ మూల నుంచి వచ్చిందో, ముందు దేని దగ్గర ఆగిందో రాసి, సాయంత్రం నాకు ఫోన్ చెయ్యి.

మీ తాత