ముల్లు సగం దగ్గరే నిలిచిపోతే

చిరంజీవులైన మనవడికీ మనవరాలికీ తాతయ్య ఆశీస్సులు.

పెట్రోలు మీటరు ముల్లు సగం ట్యాంకు చూపిస్తుండగానే మీ కారు దారిలో ఆగిపోయిందనీ, నాన్న క్యానుతో పెట్రోలు తెచ్చి పోశాక గానీ కదలలేదనీ రాశారు. "ముల్లు అబద్ధం చెప్పిందా తాతయ్యా?" అని అడిగారు. మెకానిక్‌గా బతికిన నాకు ఇంతకంటే ఇష్టమైన ప్రశ్న లేదు.

ముల్లుకు పెట్రోలు కనిపించదు, దానికి కబురు అందాలి. ట్యాంకు లోపల, చేపల గాలానికి కట్టే బెండులాగా, ఫ్లోట్ ఒకటి తేలుతూ ఉంటుంది. దాన్ని ఒక సన్నని కడ్డీకి బిగిస్తారు. పెట్రోలు తగ్గేకొద్దీ ఫ్లోట్ దిగుతుంది, కడ్డీ రెండో కొసన ఉన్న లోహపు ముక్క ఒక చిన్న పట్టీ మీద జరుగుతుంది. ఆ ముక్క ఎక్కడ ఆనిందన్నదాన్ని బట్టి కరెంటుకు ఎదురయ్యే నిరోధం మారుతుంది. ఆ మార్పునే మీటరు ముల్లుతో చూపిస్తుంది. పాత రేడియోలో శబ్దం పెంచే నాబ్ లోపల కూడా ఇలాంటి పట్టీయే ఉండేది. అది అరిగితే రేడియో గరగరమనేది. ట్యాంకులో పట్టీ అరిగితే ముల్లు ఉన్నట్టుండి ఎగిరి పడుతుంది.

కాబట్టి ముల్లు నడక చూస్తేనే సగం సంగతి తెలుస్తుంది. ట్యాంకు నింపినా ముల్లు ఖాళీ దగ్గరే ఉంటే ఫ్లోట్‌కు చిల్లి పడి మునిగి ఉండవచ్చు, లేదా వైరు తెగి ఉండవచ్చు. మీ కారులోలాగా ఒకచోటే కదలకుండా ఉంటే కడ్డీ ఎక్కడో పట్టేసిందేమోనని నాకు మొదటి అనుమానం.

అనుమానంతో సామాను మార్చకూడదు. ఒకసారి నేను ఆ పని చేశాను. ట్యాంకు యూనిట్, అంటే ఫ్లోట్, కడ్డీ, పట్టీ కలిసిన సెన్సార్, కొత్తది కొనిపించి వేశాను, అయినా ముల్లు తప్పే చూపింది. చివరికి చూస్తే కరెంటు తిరిగి వెళ్లే ఎర్త్ వైరు బిగించిన చోట తుప్పు! తుప్పు కూడా నిరోధమే కదా, అది సెన్సార్ నిరోధానికి తోడై లెక్క తప్పించింది. గరుకు కాగితంతో రుద్ది బిగిస్తే సరిపోయింది. ఆ యజమానికి డబ్బు తిరిగి ఇచ్చేశాను. అప్పటి నుంచి ముందు సెన్సార్ వైర్లు కలిసే కనెక్టరు, తరువాత ఎర్త్, ఆ తరువాతే ట్యాంకు.

కనెక్టరు విప్పి తాళం తిప్పితే, పాత రకం మీటరు ముల్లు ఒక కొసకు పోవాలి. అలా పోతే మీటరు కబురు వింటున్నట్టే, తప్పు ట్యాంకు వైపు ఉన్నట్టే. అప్పుడు తాళం తీసేసి, కరెంటు కొలతలు చూపే మల్టీమీటరును ఓమ్‌ల మీద, అంటే నిరోధం కొలిచే చోట, పెట్టి, సెన్సార్ రెండు పిన్నుల మధ్య కొలవాలి. కొన్ని బండ్లలో ఖాళీకి 240 ఓమ్‌లు, నిండుకు 33 ఉంటాయి. మరికొన్నింటిలో ఖాళీకి 10, నిండుకు 180. అందుకే ఆ బండి మాన్యువల్ చూడకుండా అంకెను నమ్మవద్దు. యూనిట్ బయటికి తీశాక ఫ్లోట్‌ను మెల్లగా పైకి కిందికి కదిపితే అంకె మెట్టు మెట్టుగానో ధారగానో మారాలి. మధ్యలో మాయమైతే పట్టీ అక్కడ అరిగిందని అర్థం.

ట్యాంకు తెరిచే పని మాత్రం మీది కాదు, నాన్నది కూడా కాదు. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, నేలను అంటుకుని పాకుతుంది, ఎక్కడో ఉన్న నిప్పురవ్వ దానికి చాలు. మెకానిక్ కూడా బ్యాటరీ నెగటివ్ తీసి, గాలి ఆడే చోటే ఆ పని చేయాలి. మీరు దూరంగా నిలబడి, చెప్పిన అంకెలు కాగితం మీద రాయండి.

అంతవరకు ట్యాంకు నిండా పోయించి, నడిచిన దూరం చూపే ట్రిప్ మీటరును సున్నా చేయమని నాన్నకు చెప్పండి. కారు లీటరుకు ఎన్ని కిలోమీటర్లు ఇస్తుందో ఆయనకు తెలుసు. లెక్క మీరు కట్టి, ట్యాంకులో పావు వంతు మిగిలి ఉండగానే బంకుకు తీసుకెళ్లండి.

ఆ ఓమ్‌ల కాగితం నాకు పంపండి. ఎదురుచూస్తుంటాను.

మీ తాతయ్య