బాలింత మనసు, పసిబిడ్డ మనసు

వరంగల్ చుట్టుపక్కల పల్లెల్లో బాలింత ఉన్న ఇంటికి పొద్దున పూట వెళితే, పీట మీద కాళ్లు చాపుకొని కూర్చున్న అమ్మమ్మ, ఆ కాళ్ల మీద పసిబిడ్డను పడుకోబెట్టి నూనె రాస్తూ, నలుగు పెడుతూ, గోరువెచ్చని నీళ్లు పోస్తూ ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండడం కనిపిస్తుంది. బిడ్డ ‘ఊఁ’ అంటే ఆమె కూడా ‘ఊఁ’ అంటుంది. ముఖం చిట్లిస్తే చెయ్యి తేలిక చేస్తుంది. ఒంటి బలం కోసమని చేయించే ఈ స్నానంలో, తాను పిలిస్తే పలికే మనిషి ఉన్నారన్న నమ్మకం కూడా బిడ్డకు అందుతోంది.

ఆ పలకడం ఆగిపోతే ఏమవుతుందో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ ట్రానిక్, ఆయన సహచరులు 1978లో ప్రచురించిన ప్రయోగం చూపింది. బిడ్డను ఆడిస్తున్న తల్లిని, కొద్ది నిమిషాల పాటు ముఖంలో ఏ భావమూ లేకుండా బిడ్డ వైపే చూస్తూ ఉండమన్నారు. మాటలు రాని ఆ పసివాళ్లు మొదట నవ్వి తల్లిని కదిలించాలని చూశారు. ఎంతకూ ఫలితం లేకపోయేసరికి ముఖం తిప్పుకొని ముడుచుకుపోయారు. ఆ తర్వాతి పరిశోధనల్లో ట్రానిక్ గమనించిన విషయం నాకు ఇంతకంటే ముఖ్యమనిపిస్తుంది: అన్యోన్యంగా ఉన్న తల్లీబిడ్డల మధ్య కూడా శ్రుతి కలిసేది దాదాపు 30 శాతం సమయమే. మిగతాదంతా తప్పడం, మళ్లీ కలుపుకోవడం. అలా కలుపుకున్న ప్రతిసారీ, వచ్చిన బాధ తీరుతుందని బిడ్డకు తెలిసివస్తుంది. కాబట్టి పత్తి ఏరి పొద్దుగూకాక ఇల్లు చేరే తల్లి, బిడ్డకు అన్యాయం చేస్తున్నానని కుమిలిపోనక్కరలేదు.

ఆందోళన పడవలసింది, ఆ కలుపుకునే శక్తే తల్లిలో అడుగంటినప్పుడు. కాన్పయిన తొలి రోజుల్లో ఊరికే కన్నీళ్లు రావడం మామూలే. రెండు వారాలు దాటినా దిగులు వదలకపోతే, బిడ్డను ఎత్తుకోబుద్ధి కాకపోతే, అది ప్రసవానంతర కుంగుబాటు కావచ్చు. వర్ధమాన దేశాల్లో కాన్పు తర్వాత 19.8 శాతం మంది స్త్రీలు మానసిక సమస్యకు, ప్రధానంగా కుంగుబాటుకు లోనవుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే అయిదుగురిలో ఒకరు. మన ఇళ్లలో దానిని గాలి సోకిందనో, ఒళ్లు వంగడం లేదనో అంటారు. భర్త గల్ఫ్‌లో ఉండగా జగిత్యాల, సిరిసిల్ల వైపు బీడీలు చుట్టుకుంటూ బిడ్డను పెంచే తల్లికి ఆ మాట ఇంకా బరువు. తండ్రి ముఖం బిడ్డకు ఫోన్ తెర మీదే పరిచయం.

ఈ కుంగుబాటును పల్లెలోనే తగ్గించవచ్చని పాకిస్తాన్‌లోని రావల్పిండి గ్రామాల్లో మానసిక వైద్య నిపుణుడు అతీఫ్ రహమాన్ బృందం నిరూపించింది. మన ఆశా కార్యకర్తల వంటి ఆరోగ్య కార్యకర్తలకే కొద్దిపాటి శిక్షణ ఇచ్చి, కుంగుబాటుతో ఉన్న గర్భిణుల ఇళ్లకు పంపి, వారితో మాట్లాడించి, ఇంటివారిని కూడా కలుపుకొన్నారు. కాన్పయిన ఆరు నెలలకు కుంగుబాటు మిగిలింది వీరిలో 23 శాతం మందికి. ఈ సాయం అందనివారిలో 53 శాతం మందికి. 2008లో వెలువడిన ఆ ఫలితాల్లో మరో మాట ఉంది: సాయం అందిన ఇళ్లలో తల్లీ తండ్రీ ఇద్దరూ బిడ్డతో ఎక్కువసేపు ఆడుకున్నారు.

మన దగ్గర ఆసుపత్రిలో కాన్పయిన తల్లి ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వెళ్లాలి. బిడ్డను తూస్తుంది, జ్వరం చూస్తుంది. ఆ ఆరు రాకల్లోనూ, అత్తగారు పక్కన లేని సమయం చూసుకొని, “అక్కా, నీకు మనసెట్లుంది? నిద్ర పడుతున్నదా?” అని అడగడానికి అయిదు నిమిషాలు చాలు. జవాబులో దిగులు వినిపిస్తే 14416కు ఫోన్ చేయించవచ్చు. మానసిక సమస్యల కోసం ప్రభుత్వం నడిపే ఆ టెలీ మానస్ ఫోన్ సేవ ఉచితం, రాత్రింబవళ్లు తెలుగులోనే మాట్లాడతారు. ఆ రోజు స్నానం పోస్తున్న అమ్మమ్మను కూడా పక్కకు పిలిచి, బిడ్డతో పాటు బిడ్డ తల్లితోనూ రోజూ అంతసేపు మాట్లాడమని చెప్పి రావాలి.