టీవీలో బొమ్మ రావట్లేదా, ముందు టార్చి తెచ్చుకోండి

చిన్నూ, బుజ్జీ,

రాత్రి ఫోన్‌లో ఇద్దరూ ఒకేసారి మాట్లాడేసరికి నాకు సగమే అర్థమైంది. టీవీలో మాటలు వినిపిస్తున్నాయి, బొమ్మ రావట్లేదు, నాన్న కొత్తది కొందామంటున్నాడు, ఇంతే కదా? కొత్త టీవీ వస్తుందని బుజ్జి గొంతులో సంతోషం కూడా వినిపించిందిలే. మీ నాన్నను మాత్రం నాలుగు రోజులు ఆగమనండి. రేడియో, టీవీ రిపేరు షాపు ముప్ఫై ఏళ్లు నడిపిన తాత బతికి ఉండగా టార్చి వేసైనా చూడకుండా టీవీ పారేస్తే నాకు పరువు తక్కువ.

ఈ రాత్రి ఒక పని చేయండి. గదిలో లైట్లన్నీ ఆర్పేసి టీవీ ఆన్ చేయండి. ఫోన్‌లో టార్చి వెలిగించి తెరకు బాగా దగ్గరగా, కాస్త ఏటవాలుగా పట్టుకుని, వెలుగు పడిన చోటే కళ్లు చిట్లించి చూడండి. రిమోట్‌లో మెనూ బటన్ నొక్కితే అక్షరాలు వస్తాయి కాబట్టి గుర్తుపట్టడం తేలిక. నూతిలోకి తొంగి చూసినట్టు లోపలెక్కడో మసకమసకగా అక్షరాలో మనుషులో కదులుతుంటే చంకలు గుద్దుకోవచ్చు. బొమ్మ అక్కడే ఉంది, మన కంటికి కనిపించడానికి దాని వెనక దీపం లేదు, అంతే.

వెనక దీపమేమిటి అంటారా? నా కాలం టీవీలో పిక్చర్ ట్యూబ్ ఉండేది, గాజుకు లోపల పూసిన పూత తనంతట తనే వెలిగేది. మీ ఎల్ఈడీ టీవీ అలా కాదు. ముందున్న ప్యానెల్‌కు సొంత వెలుగు లేదు, అది రంగు గాజు తలుపుల వరస అనుకోండి. ఫుల్ హెచ్‌డీ టీవీ అయితే అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు, ఒక్కో చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడేసి తలుపులు. గుణించి చూడండి, 62 లక్షలు దాటుతాయి! ఆ తలుపులు ఎంత తెరుచుకుంటే వెనక నుంచి అంత తెల్లటి వెలుగు రంగుగా మారి బయటికి వస్తుంది. ఆ తెల్లటి వెలుగునే బ్యాక్‌లైట్ అంటారు. (ఓఎల్ఈడీ టీవీల్లో ఈ బ్యాక్‌లైట్ ఉండదు, వాటికి ఈ టార్చి పరీక్ష పనికిరాదు. మీది ఓఎల్ఈడీ కాదు, బిల్లు నేను చూశాను.)

ఆ బ్యాక్‌లైట్ అంటే లోపల పొడుగాటి పట్టీలు, వాటి మీద చిన్న చిన్న ఎల్ఈడీలు. వినాయకచవితి పందిరికి మనం కట్టే సీరియల్ సెట్టు గుర్తుందా, ఒక బల్బు మాడితే దండంతా ఆరిపోయి చిన్నూ ఒక్కొక్కటీ తిప్పుకుంటూ కూర్చునేవాడు? ఇక్కడా అదే తంతు. చాలా టీవీల్లో ఎల్ఈడీలన్నీ ఒకదాని వెనక ఒకటిగా కలిపి ఉంటాయి కాబట్టి ఒక్కటి తెగినా మొత్తం చీకటే. కొన్ని టీవీల్లో ఆన్ చేయగానే ఒక్క క్షణం కంపెనీ పేరు మెరిసి నల్లబడిపోతుంది. తేడా వచ్చిందని లోపలి సర్క్యూట్ కనిపెట్టి తనే ఆపేస్తుందన్నమాట.

ఇది చదివి వెంటనే స్క్రూలు విప్పేయకండి. నా సంగతి చెబుతా. పిక్చర్ ట్యూబుల్లో 25,000 వోల్టుల దాకా చూసినవాణ్ణి కదా, ఈ పలక నన్నేం చేస్తుందిలే అని మొదటిసారి ఒక 32 అంగుళాల టీవీ ఒంటరిగా విప్పాను. చుట్టూ ఉన్న ఫ్రేము తీసి, ప్యానెల్‌ను అన్నం పళ్లెం ఎత్తినట్టు ఒక మూల పట్టుకుని లేపాను. 'టిక్' అని చిన్న చప్పుడు, అప్పడం మూల విరిగినట్టు. చూస్తే వెంట్రుకంత గీత, మూల నుంచి మధ్యదాకా. పట్టీ మారిస్తే తీరిపోయే రిపేరు కాస్తా ప్యానెల్ మీదికి వచ్చింది, ప్యానెల్ ధరకు ఇంకొంచెం వేస్తే కొత్త టీవీయే వస్తుంది. ఆ టీవీ ఎవరిదో మీ నానమ్మను అడగండి, ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది.

ఆ తర్వాత బుద్ధి వచ్చింది. మంచం మీద మెత్తటి దుప్పటి పరిచి టీవీని బోర్లా పడుకోబెట్టి వెనక మూత తీయాలి. తర్వాత టీవీని వెల్లకిలా తిప్పి, ప్యానెల్‌ను ఇద్దరు మనుషులు చెరో వైపు పట్టుకుని ఒకేసారి లేపాలి. దాని అంచుకు సన్నటి రిబ్బన్లు అతికి ఉంటాయి, వాటిలో ఒకటి చిరిగినా ఇంట్లో అతికించలేం. ప్యానెల్ కింద తెల్లటి షీట్లు రెండు మూడు ఉంటాయి, ఏది పైనో ఏది కిందో తీసేటప్పుడే ఫోటో తీసుకోవాలి, వాటి మీద వేలిముద్రలు పడకూడదు. వాటి కింద కనిపిస్తాయి పట్టీలు, ఒక్కో ఎల్ఈడీ మీద గాజు బొట్టులాంటి లెన్సుతో. ఎల్ఈడీ టెస్టర్ పెట్టి ఒక్కొక్కటీ చూస్తూ పోతే వెలగనిది దొరుకుతుంది. చాలాసార్లు టెస్టర్ అక్కర్లేదు, మాడినదాని మీద నల్లటి మచ్చ కనిపిస్తూనే ఉంటుంది.

ఆ ఒక్కటీ మారిస్తే చాలదా అని బుజ్జి అడుగుతుంది, తెలుసు. చాలదు. మిగతావీ అంతే వయసువి, ఇవాళ ఒకటి పోతే దసరాకు ఇంకొకటి పోతుంది, ప్రతిసారీ ఆ ప్యానెల్ ఎత్తే టెన్షన్ మనకెందుకు? పట్టీల సెట్టు మొత్తం మార్చేయడమే మేలు. హైదరాబాద్ కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్తే ఇలాంటివి దొరుకుతాయి, కాకపోతే టీవీ మోడల్ చెప్పి తెచ్చుకుంటే సగంసార్లు తేడా వస్తుంది. పాత పట్టీనే పట్టుకెళ్లి పొడవు, ఎల్ఈడీల లెక్క, ఒక్కోటి 3 వోల్టులదా 6 వోల్టులదా అన్నది సరిచూసుకుని కొనాలి. బిగించాక సెట్టింగ్స్‌లో బ్యాక్‌లైట్ 100 మీద ఉంటే 60కో 70కో దించాలి. షాపుల్లో తళతళలాడాలని పెట్టిన వెలుగు మన హాల్లో అవసరం లేదు, ఎల్ఈడీలు తొందరగా మాడేది ఆ వేడికే.

టార్చి వేసినా ఏమీ కనిపించకపోతే కథ వేరే. కంపెనీ పేరు, మెనూ బాగానే వచ్చి చానళ్లు మాత్రం రాకపోతే టీవీ తప్పేం లేదు, సెట్‌టాప్ బాక్స్ వైరు పీకి మళ్లీ పెట్టండి. గీతలు వస్తున్నా, సగం బొమ్మే వస్తున్నా అది ప్యానెల్‌కు బొమ్మ సంకేతాలు అందించే టీకాన్ బోర్డో, ప్యానెలో. ఎర్ర లైటు కూడా వెలగకపోతే పవర్ సప్లై, అందులో కరెంటును నిలవ ఉంచే కెపాసిటర్లు తల ఉబ్బి ఉన్నాయేమో నేను చూస్తాను. అన్నిటికన్నా ముందు ప్లగ్ పీకేసి, టీవీకే ఉన్న పవర్ బటన్‌ను అర నిమిషం నొక్కి పట్టుకుని, మళ్లీ పెట్టి చూడండి. ఒక్కోసారి దానికే దారికొస్తుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా. ప్లగ్ పీకేశాం కదా అని వెనక మూత తీయొద్దు. పవర్ బోర్డు మీద బొటనవేలంత కెపాసిటర్ ఒకటి ఉంటుంది, మన 230 వోల్టుల కరెంటు అందులోకి వెళ్లి 320 వోల్టుల పైన నిలవ ఉంటుంది. ప్లగ్ తీశాక కూడా కాసేపు అలాగే ఉండొచ్చు, వేలు తగిలిందంటే ఎగిరి అవతల పడతారు. నేను పడ్డాను, అదీ షాపు మధ్యలో, కస్టమర్ల ముందు.

రాత్రికి టార్చి వేసి వీడియో తీసి పంపండి, చిన్నూ ఫోన్ కదలకుండా పట్టుకోవాలి. నేను ఆదివారం పొద్దున బస్సుకు వస్తాను, టెస్టర్ తెచ్చుకుంటాను. మెత్తటి దుప్పటి ఒకటి తీసి ఉంచమని అమ్మతో చెప్పండి, ప్యానెల్‌కు అవతలి వైపు పట్టుకోవడానికి మీ నాన్నను ఎక్కడికీ వెళ్లొద్దనండి.

మీ తాత