బియ్యంలో రాయి

చిరంజీవులకు ఆశీస్సులు.

మల్కాజిగిరి నుంచి ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి ఒకతె ఇలా అడిగింది: "తాతగారూ, మా నాన్న రాత్రంతా మేలుకుని మర్డర్ నవల చదువుతున్నారు. మధ్యమధ్యలో నవ్వుకుంటున్నారు కూడా. మనిషి చచ్చిపోతే అందులో సరదా ఏముంటుంది?"

న్యాయమైన ప్రశ్నే. దీని మీద పెద్ద పెద్ద ప్రొఫెసర్లు చాలా రాశారు. అవన్నీ ఇక్కడ పెడితే మీరు ఉత్తరం మడిచి పక్కన పడేస్తారు. అందుకని నాకు బాగా నచ్చిన ఒక్క పుస్తకం పట్టుకుని చెబుతాను.

ఇంగ్లిష్ రచయిత్రి అగాథా క్రిస్టీ రాయగా 1926లో పుస్తకంగా వచ్చిన 'ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్' అది. ఇంగ్లండులో ఒక పల్లె. అక్కడ బాగా డబ్బున్న ఆక్రాయిడ్ గారు ఒక రాత్రి తన గదిలో, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే, కత్తిపోటుతో చనిపోయి కనిపిస్తాడు. కథ మనకు చెప్పేది ఆ ఊరి డాక్టరు. ఆయన పక్కింట్లోకి కొత్తగా ఒక పొట్టి పెద్దాయన అద్దెకు దిగాడు. ఆ మీసాల తీరు చూసి, ఏదో సెలూన్ నడిపి రిటైరైన మనిషని డాక్టరు తేల్చేస్తాడు. ఆ పెద్దాయనేమో పెరట్లో కూరకాయలు పండించుకుంటూ ఉంటాడు. ఒకరోజు విసుగెత్తి పెద్ద గుమ్మడిలాంటి కాయను గోడ మీంచి విసిరేస్తే అది డాక్టరు పక్కనే వచ్చి పడుతుంది. ఆయనే ఎర్క్యూల్ పారో, పేరుమోసిన డిటెక్టివ్. చూశారా, అప్పుడే నవ్వొచ్చింది. మీ నాన్న నవ్వేది ఇలాంటి చోటే తల్లీ, శవాన్ని చూసి కాదు.

ఇక అసలు సరదా సంగతి. మీ ఇళ్ళకు ఇప్పుడు వచ్చే సోనా మసూరి బస్తాల్లో రాళ్ళుండవు, మిల్లులో మిషన్లే ఏరేస్తున్నాయి. మా చిన్నప్పటి రేషన్ బియ్యం అలా కాదు. చిక్కడపల్లిలో మా నాయనమ్మ మధ్యాహ్నం పూట వసారాలో చేట ముందేసుకుని కూర్చునేది. చేటలో బియ్యం పల్చగా పరిచి, వేలి కొసతో ఒక పక్క నుంచి ఇంకో పక్కకు నెట్టుకుంటూ పోయేది. నల్ల మట్టిబెడ్డలు ఎవరికైనా కనిపిస్తాయి, నేనూ ఏరగలను. వడ్లగింజలు పసుప్పచ్చగా ఉంటాయి కాబట్టి అవీ దొరుకుతాయి. చిక్కంతా తెల్లరాయితోనే. సరిగ్గా బియ్యపుగింజంత ఉంటుంది, బియ్యం రంగులోనే ఉంటుంది. చేటలో మన కళ్ళ ముందే ఉంటుంది, ఎవరూ దాచలేదు. అయినా కనబడదు. రాత్రి పప్పన్నం కలుపుకుని ముద్ద నోట్లో పెట్టుకున్నాక, పన్ను కింద టక్కుమన్నప్పుడు తెలుస్తుంది.

మంచి మర్డర్ నవల అంటే ఆ చేటే. రచయిత రాయిని జేబులో పెట్టుకుని ఆఖర్లో బయటికి తీస్తే అది దగా. చేటలోనే పెట్టి, మన వేలి కిందనుంచే దాటించాలి. ఈ నవలలో ఒక కుర్చీ ఉంది. గోడ దగ్గర ఉండాల్సింది కాస్త ఇవతలికి లాగి ఉందనీ, తర్వాత చూస్తే మళ్ళీ గోడ దగ్గరే ఉందనీ ఇంట్లో పనిచేసే బట్లర్ చెబుతాడు. రెండు మూడు వాక్యాలు, అంతే. పారో మాత్రం ఆ కుర్చీని వదలడు. నేను ఇంత చెప్పినా కథ చెడలేదు చూడండి, ఎందుకో మీకు చదివితే గానీ తెలియదు.

మట్టిబెడ్డలు కూడా క్రిస్టీయే బోలెడు వేస్తుంది. అప్పుల్లో మునిగిన కుర్రాడు, ఎవరూ ఎరగని కొత్త మనిషి, అలాంటివాళ్ళు. మనం వాళ్ళను పట్టుకుని కేసు తేలిపోయిందని సంబరపడతాం. వడ్లగింజలు వేరే. ఆ ఇంట్లో దాదాపు ప్రతివాళ్ళూ ఏదో ఒకటి దాస్తూ ఉంటారు, పారో ఆ మాట వాళ్ళ మొహం మీదే అంటాడు. ఒకరికి డబ్బు గొడవ, ఇంకొకరికి ఇంట్లో తెలియకూడని ప్రేమ. పొట్టు తీసి చూస్తే లోపల ఉన్నది మామూలు బియ్యమే. గుట్టు ఉన్నవాడల్లా దొంగ కాడు. క్లాసులో ఎవరి పెన్ను పోయినా ముందు ఫలానా వాడి బ్యాగే వెతుకుతారే, వాళ్ళు ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి.

అదేంటో, ఈ పుస్తకాన్ని రెండోసారి చదివితే ఇంకా బాగుంటుంది. రాయి ఎక్కడుందో తెలిసి కూడా చేట ముందు కూర్చోవడం నాయనమ్మ చూస్తే పిచ్చి అనేది. కానీ ఆ రాయిని క్రిస్టీ ఎంత నేర్పుగా దాటించిందో చూడటానికే కూర్చుంటాం.

చిన్నప్పుడు మా వీధిలో పుస్తకాలు అద్దెకిచ్చే కొట్టు ఉండేది. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, అతని అసిస్టెంట్ రాజు, అక్కడే పరిచయం. అద్దె రోజు లెక్కన కాబట్టి అక్కా నేనూ ఒకే పుస్తకం ఒకేసారి చదివేవాళ్ళం. అక్క వేగంగా చదివేసి, నాకు ముందు సంగతి కనబడకుండా కుడి పేజీ మీద అరచెయ్యి అడ్డం పెట్టి కూర్చునేది. ఆ టెన్షన్ భరించలేక నేను పుస్తకం వదిలేసి అక్క మొహం చూసేవాణ్ణి. హంతకుడి పేరు దగ్గరికి రాగానే కనుబొమలు పైకి వెళ్ళేవి. ఆ తర్వాత ఎంత బతిమాలినా పెదవి విప్పేది కాదు. ఆ నిగ్రహం ఇప్పటి పెద్దవాళ్ళకే ఉండటం లేదు, సినిమా చూసి హాలు బయటికి రాగానే ఫోన్లో కథంతా చెప్పేస్తున్నారు.

ఆక్రాయిడ్ నవల వచ్చినప్పుడు, ఇదేం న్యాయం అని పేచీ పెట్టిన పాఠకులు కొందరున్నారు. అందరినీ అనుమానించడం పాఠకుడి పని కదా అని సాటి రచయిత్రి డొరొతీ సేయర్స్ వెనకేసుకొచ్చింది. 2013లో బ్రిటన్ క్రైమ్ రచయితల సంఘం వాళ్ళు ఓట్లేసి, క్రైమ్ నవలలన్నిట్లోకీ ఇదే మేటి అన్నారు. ఇంకో చిత్రం: అదే 1926 డిసెంబరులో క్రిస్టీ గారే ఇంట్లోంచి మాయమై, 11 రోజులకు ఎక్కడో దూరాన ఒక హోటల్లో వేరే పేరుతో కనబడింది. ఎందుకో తన ఆత్మకథలో కూడా చెప్పలేదు. పారోకి అప్పగించాల్సిన కేసే.

ఆదివారం పొద్దున నాన్నను తీసుకుని అబిడ్స్ వెళ్ళండి. మూసిన షాపుల ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచి ఉంటాయి. ఓపిగ్గా వెతికితే క్రిస్టీ దొరుకుతుంది. కొనేముందు ఆఖరి పేజీలు ఉన్నాయో లేదో చూసుకోండి, నంబర్లు మాత్రమే చూడాలి సుమా. చివరి అధ్యాయాల ముందు ఆగి, మీ అనుమానం ఒక చీటీ మీద రాసి పుస్తకంలో పెట్టి, అప్పుడు మిగతాది చదవండి. పేరు తెలిశాక ఇంట్లో మాత్రం ఎవరితోనూ అనకండి, మీ అమ్మ ఇంకా చదవలేదేమో.

మీ తాతయ్య